పాత ఆడియో ఇంటర్‌ఫేస్, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఒక చిన్న రికార్డింగు గది నడుపుతున్నాను. చెక్కభజన బృందాలు, హరికథకులు, పెద్ద దర్గాలో కవ్వాలీ పాడేవారు, పిల్లల కోసం పాఠాలు చదివి పెట్టే ఉపాధ్యాయులు నా దగ్గరకు వస్తుంటారు. వారిలో చాలామంది ఇళ్ళలో పది పదిహేనేళ్ళ కిందట కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ మార్చిన రోజో, విండోస్ మారిన రోజో అది పలకడం మానేస్తుంది. "దీన్ని పారేసి కొత్తది కొనమంటారా?" అని అడుగుతారు. పారేయవద్దు, ముందు ఇది చదవండి అనే చెబుతున్నాను. నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలు, చేసి చూసి తెలుసుకున్న జవాబులు కింద ఉన్నాయి.

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మనం సౌండ్ కార్డ్ అనేదేనా?

అదే. మైకు, వీణ పికప్, కేసెట్ ప్లేయర్ వంటివాటి నుంచి వచ్చే సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. కంప్యూటర్ నుంచి వచ్చే అంకెలను మళ్ళీ ధ్వనిగా మార్చి హెడ్‌ఫోన్లకు, స్పీకర్లకు ఇస్తుంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా చాలావాటిలో ఉంటుంది.

నిన్నటి వరకు బాగా పనిచేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ మారగానే ఎందుకు ఆగిపోయింది?

పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్య ఒక దుబాసీ ఉండాలి. దాని పేరే డ్రైవర్. ఆ డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరలో, కెర్నల్ అనే చోట కూర్చుని పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ మొత్తం ఆగిపోతుంది, దొంగ ప్రోగ్రాము చొరబడితే సర్వం దాని చేతికి పోతుంది. అందుకే ఏటికేడు ఆ లోపలి గదిలోకి ఎవరిని రానివ్వాలన్న నియమాలు కఠినమవుతున్నాయి.

విండోస్‌లో 64 బిట్ల వ్యవస్థకు 64 బిట్ల డ్రైవరే కావాలి, 32 బిట్లది ఎక్కదు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. 2016లో వచ్చిన విండోస్ 10 మార్పు నుంచి కొత్తగా తయారయ్యే కెర్నల్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకం, అంటే ఫైలులోనే ఉండే డిజిటల్ ఆమోదముద్ర, తప్పనిసరైంది. మ్యాక్‌లో 2017 నాటి హై సియెర్రా నుంచి బయటివారి కెర్నల్ డ్రైవర్‌కు వాడేవారు స్వయంగా అనుమతి ఇవ్వాలి. 2019లో వచ్చిన కాటలీనా 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా నిలిపివేసింది.

ఈ నియమాలు మారినప్పుడల్లా తయారీదారు డ్రైవర్‌ను తిరిగి రాయాలి. పదేళ్ళ కిందట అమ్మేసిన వస్తువుకు ఆ శ్రమ పడటానికి చాలా కంపెనీలు ముందుకు రావు. పెట్టెలో ఒక్క భాగం కూడా చెడకుండానే అది మూగబోతుంది. నాకు బాధ కలిగించేది ఈ సంగతే. లోపల ధ్వనిని అంకెలుగా మార్చే చిప్పు నిక్షేపంగా ఉంటుంది, దాని మాటను అందుకునేవారే ఉండరు.

పరికరం నిజంగా చెడిందా, డ్రైవర్ మాత్రమే లేదా? తేల్చుకోవడం ఎలా?

ఈ ప్రశ్నకు జవాబు దొరకక ముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. రాజంపేట వైపు నుంచి ఒక హరికథకుడు తన ఇంటర్‌ఫేస్‌ను సంచిలో వేసుకుని వచ్చారు. బాగు చేసే దుకాణంలో బోర్డు కాలిపోయిందని చెప్పారట. నేను చేసింది కేబుల్ మార్చడం, వెనుకవైపు పోర్టులో గుచ్చడం, అంతే. ఆయన సంచిలో ఇంటర్‌ఫేస్‌తో పాటు తండ్రిగారి కథలున్న కేసెట్లు కూడా ఉన్నాయి. ఆ సాయంత్రమే మొదటి కేసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాం.

పరీక్షకు నేను పాటించే వరుస చెబుతాను. మొదట కేబుల్. యూఎస్‌బీ కేబుళ్ళలో ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చేవి ఉంటాయి. వాటిలో కరెంటు తీగలే తప్ప సమాచారం మోసే తీగలు ఉండవు, కాబట్టి పరికరం మీద దీపం వెలుగుతుంది గాని కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. తరువాత పోర్టు. ముందువైపువి, పొడిగింపు తీగలు వదిలేసి నేరుగా మదర్‌బోర్డు మీది పోర్టులో పెట్టండి. ఆ తరువాత విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచి చూడండి. పసుపు రంగు హెచ్చరిక గుర్తుతోనైనా, పేరు తెలియని వస్తువుగానైనా అక్కడ ఏదో ఒకటి కనిపిస్తే పరికరం బతికే ఉందన్నమాట. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీ ఉంటుంది. అందులో వీఐడీ, పీఐడీ అని రెండు సంకేతాలు, ఒక్కోదానికి నాలుగేసి అక్షరాలు. మొదటిది తయారీదారును, రెండోది నమూనాను చెబుతుంది. పెట్టె మీద పేరు చెరిగిపోయినా ఈ రెండింటితో సరైన డ్రైవర్‌ను వెతకవచ్చు.

చివరిది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది, లినక్స్ పెన్‌డ్రైవ్. లినక్స్ అంటే ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు వంటి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్ డిస్కును ముట్టుకోకుండా దాని నుంచే కంప్యూటర్‌ను తెరవవచ్చు. అక్కడ ఇంటర్‌ఫేస్ పలికితే లోపం విండోస్ వైపు డ్రైవర్‌దేనని తేలిపోతుంది. పలకకపోయినంత మాత్రాన చచ్చిందని కాదు, కొన్నింటికి లినక్స్‌లోనూ డ్రైవర్ లేదు. అలాంటప్పుడు ఎవరి దగ్గరైనా ఉన్న పాత విండోస్ 7 కంప్యూటర్‌లో ఒకసారి చూడండి.

నా ఇంటర్‌ఫేస్ ఏ రకానిదో ఎలా తెలుస్తుంది?

మూడు రకాలుగా చూడండి. ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే యూఎస్‌బీ పరికరాలు మొదటివి. వీటిని క్లాస్ కంప్లయంట్ అంటారు. ఇవి తమ సొంత భాష మాట్లాడవు, అందరికీ తెలిసిన యూఎస్‌బీ ఆడియో భాషలో మాట్లాడతాయి. అందువల్ల తయారీదారు డ్రైవర్ లేకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరున్న డ్రైవర్‌తో నడిపిస్తుంది. ఈ ప్రమాణం మొదటి రూపం 1998 నాటిది. ఇరవై ఏళ్ళు దాటిన పరికరం కూడా ఈ రోజు కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టగానే పలకడానికి కారణం అదే. రెండో రూపాన్ని అర్థం చేసుకునే సొంత డ్రైవర్ విండోస్‌లోకి 2017లో వచ్చింది. కాబట్టి విండోస్ 7లో డ్రైవర్ కోసం సతాయించిన పరికరం విండోస్ 11లో ఏ డ్రైవర్ లేకుండానే పనిచేసే సందర్భాలూ ఉన్నాయి. కొత్త వ్యవస్థ అన్నిసార్లూ శత్రువు కాదు.

తయారీదారు సొంత డ్రైవర్ ఉంటే తప్ప నోరు విప్పని యూఎస్‌బీ పరికరాలు రెండో రకం. మూడోవి ఫైర్‌వైర్ పరికరాలు, అంటే యూఎస్‌బీ కాకుండా ఫైర్‌వైర్ అనే మరో రకం పోర్టుతో కంప్యూటర్‌కు కలిసేవి. వాటి కష్టం వేరు, కింద విడిగా చెప్పాను.

కొన్ని పరికరాలకు రెండు వేషాలూ ఉంటాయి. ఎడిరోల్ యూఏ-25కు అడ్వాన్స్ అని ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని ఆపి, కేబుల్ తీసి మళ్ళీ పెడితే అది ఉమ్మడి భాషకు మారుతుంది. కొన్ని సదుపాయాలు తగ్గుతాయి గాని గొంతు, కేసెట్ రికార్డింగుకు ఇబ్బంది ఉండదు. మీ పరికరానికి వెనుకో పక్కనో ఇలాంటి మీట ఉందేమో చూడండి. మాన్యువల్ పోయినా నమూనా పేరుతో వెతికితే తరచుగా దొరుకుతుంది.

విండోస్ 11లో డ్రైవర్ ఎక్కడం లేదు. ఏయే దారులు ఉన్నాయి?

ముందుగా ఇంటర్‌ఫేస్‌ను పీకేసి, పాత డ్రైవర్ ముక్కలను పూర్తిగా తీసేయండి. విండోస్ 10 నుంచి 11కు మారినప్పుడు పాత డ్రైవర్ సగం మిగిలి, కొత్తదానికి అడ్డుపడటం నేను చాలాసార్లు చూశాను. డివైస్ మేనేజర్‌లో కనిపించని పరికరాలను కూడా చూపించమని కోరి, అందులో దాని పేరు ఉంటే తీసేసి, కంప్యూటర్‌ను మళ్ళీ తెరవండి. ఆ తరువాతే ఇంటర్‌ఫేస్‌ను గుచ్చండి. ఉమ్మడి ప్రమాణపు పరికరమైతే ఈపాటికే పలుకుతుంది.

పలకకపోతే తయారీదారు వెబ్‌సైటులో మీ నమూనాకు ఉన్న చివరి డ్రైవర్ చూడండి. విండోస్ 10 వరకు మాత్రమే అని రాసి ఉన్నా నిరాశపడకండి. విండోస్ 10 కోసం సరిగా సంతకం చేసిన 64 బిట్ల డ్రైవర్ విండోస్ 11లో చాలావరకు పనిచేస్తుంది. ఇన్‌స్టాలర్ "ఈ వ్యవస్థకు సరిపోదు" అని తిరస్కరిస్తే, దాని మీద కుడి క్లిక్ చేసి కంపాటిబిలిటీలో పాత విండోస్‌ను ఎంచుకోండి. అయితే ఇది ఇన్‌స్టాలర్‌ను ఒప్పించడానికి మాత్రమే పనికివస్తుంది. లోపలి డ్రైవర్ నిజంగా సరిపడనిదైతే ఈ ఉపాయం దాన్ని మార్చలేదు.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నవారికి ఒక మాట. మామూలు ప్రోగ్రాములను అది అనువదించుకుని నడపగలదు గాని కెర్నల్ డ్రైవర్లను అలా నడపలేదు. ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్ల కోసం రాసిన పాత డ్రైవర్ అందులో ఎక్కదు. తయారీదారు ఆ ప్రాసెసర్ కోసం విడిగా డ్రైవర్ ఇచ్చి ఉంటే తప్ప, ఉమ్మడి ప్రమాణపు పరికరాలకే అక్కడ చోటుంది.

మెమరీ ఇంటెగ్రిటీ ఆపేస్తే డ్రైవర్ ఎక్కుతుందని ఒకరు చెప్పారు. ఆపవచ్చా?

ఎక్కవచ్చు, ఆ మాట నిజమే. మెమరీ ఇంటెగ్రిటీ అంటే సరిపడని డ్రైవర్లను కెర్నల్‌లోకి రానివ్వని విండోస్ కాపలా. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద కోర్ ఐసోలేషన్ అనే చోట ఆ మీట ఉంటుంది. ఏ పాత డ్రైవర్ అడ్డుపడుతోందో దాని పేరు కూడా అక్కడ కనిపిస్తుంది. కానీ బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు, ఆఫీసు పని అన్నీ జరిగే ఇంటి కంప్యూటర్‌లో దాన్ని ఆపమని నేను ఎవరికీ చెప్పను. రికార్డింగుకే వాడే, ఇంటర్నెట్‌కు తగిలించని కంప్యూటర్ అయితే ఆపుకోవచ్చు.

సంతకం తనిఖీని ఆపి డ్రైవర్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది. స్టార్టప్ సెట్టింగ్స్‌లో ఏడో అంకె నొక్కితే ఆ ఒక్కసారికి తనిఖీ ఉండదు, మళ్ళీ తెరిచినప్పుడు యథాస్థితి. రికార్డింగుకు మనుషులు వచ్చి కూర్చున్నప్పుడు ప్రతిసారీ ఈ తతంగం నడవదు. ఎవరో సవరించి పెట్టిన డ్రైవర్లను తెలియని చోట్ల నుంచి దించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఆసియో4ఆల్ పెడితే సరిపోతుందా?

ఆసియో అనేది స్టైన్‌బెర్గ్ సంస్థ 1997లో తెచ్చిన పద్ధతి. రికార్డింగు ప్రోగ్రాము విండోస్ మిక్సర్‌ను తప్పించుకుని నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడేందుకు వీలు కల్పిస్తుంది. ఆసియో4ఆల్ మీ ఇంటర్‌ఫేస్‌కు డ్రైవర్ కాదు. విండోస్ ఇప్పటికే గుర్తించిన పరికరానికి ఆసియో ముఖద్వారం పెడుతుంది, అంతే. విండోస్‌కే కనిపించని పరికరాన్ని అది లేపలేదు. ఉమ్మడి ప్రమాణపు పాత పరికరాలకు మాత్రం చాలా ఉపయోగం. ఫ్లెక్స్ ఆసియో అని మరొకటి ఉంది, ఒకటి మొరాయిస్తే రెండోది ప్రయత్నించండి.

పరికరం కనిపిస్తోంది, హెడ్‌ఫోన్లలో పాట వినిపిస్తోంది, కానీ మైకు రికార్డు కావడం లేదు.

ముందు మైక్రోఫోన్ అనుమతి చూడండి. విండోస్ 11లో ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ తెరిచి, డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు అనుమతి ఉందో లేదో చూడాలి. మ్యాక్‌లో 2018 నాటి మొహావే నుంచి ప్రతి ప్రోగ్రాముకూ విడిగా అనుమతి ఇవ్వాలి. అనుమతి లేకపోతే తప్పు ఉందని ఎక్కడా చెప్పదు, నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తూ పోతుంది. కండెన్సర్ మైకు అయితే ఫాంటమ్ మీట వేశారో లేదో కూడా చూడండి.

నాది మ్యాక్. పరిస్థితి ఏమిటి?

ఉమ్మడి ప్రమాణపు యూఎస్‌బీ పరికరాలకు మ్యాక్ చక్కని చోటు, పెట్టగానే పలుకుతాయి. సొంత డ్రైవర్ అవసరమైన వాటి సంగతి వేరు. 2020 చివర నుంచి వచ్చిన ఆపిల్ సొంత చిప్పుల మ్యాక్‌లలో ఇంటెల్ కోసం రాసిన కెర్నల్ డ్రైవర్ ఎక్కదు. ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే రోజెట్టా కూడా డ్రైవర్లకు సాయం చేయదు. తయారీదారు కొత్త చిప్పు కోసం కెర్నల్ డ్రైవర్ ఇచ్చి ఉంటే, రికవరీలోకి వెళ్ళి భద్రతా స్థాయిని ఒక మెట్టు తగ్గించి అనుమతించాలి. అది కూడా రికార్డింగుకే కేటాయించిన యంత్రంలో చేయడం మేలు.

ఒకసారి నేను చెక్కభజన బృందం వచ్చే ముందు రోజు రాత్రి మ్యాక్‌ను అప్‌డేట్ చేశాను. తెల్లారేసరికి ఇంటర్‌ఫేస్ లేదు. పొలం పనులు మానుకుని, ఆటో మాట్లాడుకుని వచ్చిన వారిని వెనక్కి పంపవలసి వచ్చింది. అప్పటి నుంచి రికార్డింగు కంప్యూటర్‌లో అప్‌డేట్లు తమంతట తాము జరగకుండా ఆపి ఉంచుతున్నాను. నా ఇంటర్‌ఫేస్ పేరు కొత్త వ్యవస్థ జాబితాలో కనిపించాకే ముందుకు కదులుతాను. విండోస్ 10 నుంచి 11కు మారి చిక్కుల్లో పడినవారికి వెనక్కి వెళ్ళేందుకు 10 రోజుల గడువు ఉంటుంది. ఆ పది రోజుల్లోపే ఇంటర్‌ఫేస్‌ను పరీక్షించండి, నెల తరువాత కాదు.

నా దగ్గర ఎనిమిది మైకుల ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్ ఉంది. దీనికి దారి ఉందా?

ఉంది, కొంచెం ఓపిక కావాలి. చెక్కభజనకు, కోలాటానికి ఎనిమిది మైకుల పెట్టె ఎంత విలువైనదో నాకు తెలుసు. గురువు గొంతు, వంత పాడేవారు, చెక్కలు, డోలక్, హార్మోనియం, ఇన్నింటికీ విడివిడి మైకు పెట్టుకునే అవకాశాన్ని ఎవరూ ఊరికే వదులుకోరు.

మొదట ఒక హెచ్చరిక. ఒక చివర యూఎస్‌బీ, మరో చివర ఫైర్‌వైర్ మూతి ఉన్న చవక కేబుళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఇంటర్‌ఫేస్‌కు అవి పనిచేయవు. యూఎస్‌బీ, ఫైర్‌వైర్ రెండూ పూర్తిగా వేరు వ్యవస్థలు, మధ్యలో తీగ కలిపినంత మాత్రాన ఒకటి మరొకటి కాదు. పైగా తప్పు చోట కరెంటు చేరి పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ (మదర్‌బోర్డు మీది స్లాటులో గుచ్చే) ఫైర్‌వైర్ కార్డు పెట్టించండి. కొనేటప్పుడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్నదే అడగండి, ఆడియో పరికరాలు దానితో ఎక్కువగా సర్దుకుంటాయి. కార్డు కోసం విండోస్ పెట్టుకునే డ్రైవర్‌తో చిటపటలు వస్తే, లెగసీ అని పేరున్న పాత 1394 ఓహెచ్‌సీఐ డ్రైవర్‌కు మార్చి చూడండి. నాకు రెండు సార్లు అదే పరిష్కారమైంది. ఇక ఇంటర్‌ఫేస్ డ్రైవర్ దొరకడం తయారీదారును బట్టి ఉంటుంది. ఆర్‌ఎంఈ వంటి సంస్థలు చాలా పాత ఫైర్‌వైర్ నమూనాలను కూడా ఏళ్ళ తరబడి వదలకుండా చూసుకున్నాయి. అందరూ అలా చేయలేదు.

మ్యాక్‌లో దాని థండర్‌బోల్ట్ పోర్టుకు రెండు అడాప్టర్లు వరుసగా వేయాలి. థండర్‌బోల్ట్ 3 నుంచి థండర్‌బోల్ట్ 2కు ఒకటి, దాని నుంచి ఫైర్‌వైర్ 800కు ఇంకొకటి. ఇంటర్‌ఫేస్ ఫైర్‌వైర్ 400 అయితే ఆ చివర 9 పిన్నుల నుంచి 6 పిన్నులకు మారే కేబుల్. ఈ గొలుసు మ్యాక్ ఓఎస్ సీక్వోయా వరకు చాలా పరికరాలతో నడిచింది. 2025లో వచ్చిన టాహో, అంటే మ్యాక్ ఓఎస్ 26, ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేసింది. ఫైర్‌వైర్ మీద ఆధారపడినవారు టాహోకు మారకూడదు. ఇందులో మధ్యేమార్గం లేదు.

ఫైర్‌వైర్ కేబుల్‌ను పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు వైపులా కరెంటు ఆపండి. 6 పిన్నుల కేబుల్‌లో కరెంటు కూడా పోతుంది. పాతబడి వదులైన సాకెట్‌లో దాన్ని తలకిందులుగా దూర్చి ఇంటర్‌ఫేస్‌ను పోగొట్టుకున్నవారు ఉన్నారు. పాత ల్యాప్‌టాప్‌ల మీది 4 పిన్నుల పోర్టు కరెంటు ఇవ్వదు, దానితో వాడాలంటే ఇంటర్‌ఫేస్‌కు విడిగా అడాప్టర్ తప్పదు.

లినక్స్ సామాన్యులకు కుదురుతుందా?

ఐదేళ్ళ కిందట అడిగి ఉంటే తటపటాయించేవాణ్ణి. ఇప్పుడు ధైర్యంగా కుదురుతుందని చెబుతాను. ఉబుంటు స్టూడియోలో రికార్డింగుకు కావలసినవి ముందే అమర్చి ఉంటాయి. ధ్వనిని చూసుకునే పైప్‌వైర్‌లో ప్రో ఆడియో అనే ప్రొఫైల్ ఎంచుకుంటే ఇంటర్‌ఫేస్ చానళ్ళన్నీ విడివిడిగా కనిపిస్తాయి. లినక్స్‌లో డ్రైవర్లు కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి కాబట్టి, ఒకసారి చేరిన పరికరం వ్యవస్థ మారినా సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది. ఫైర్‌వైర్‌కు కూడా ఇప్పుడు ఎక్కువ ఆదరణ ఉన్నది ఇక్కడే. కెర్నల్‌లో ఆ విభాగాన్ని నిర్వహిస్తున్న తకాషి సకామోటో 2029 వరకు దాన్ని కొనసాగించే ప్రణాళికను ప్రకటించారు. కెర్నల్‌లో లేని ఫైర్‌వైర్ పరికరాలు కొన్నింటిని ఎఫ్‌ఎఫ్‌ఏడీఓ అనే ప్రాజెక్టు నడిపిస్తుంది.

కొత్త వ్యవస్థ నేర్చుకోవడానికి వారం రోజులు పడుతుంది. ఇంటర్‌ఫేస్ ధరతో పోలిస్తే ఆ వారం పెద్దది కాదని నా అభిప్రాయం.

రికార్డింగు వింటే శ్రుతి పెరిగినట్టు, పాట వేగంగా పోతున్నట్టు అనిపిస్తోంది.

గాయకుడి తప్పు కాదు. శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలిచి అంకెలుగా మారుస్తున్నారన్నది, కలవలేదు. 44,100 రేటులో రికార్డయినదాన్ని 48,000 రేటులో పలికిస్తే శ్రుతి ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకూ రెండుకూ మధ్య వినిపిస్తుంది, తాళం కూడా పరుగెత్తుతుంది. డ్రైవర్ మారినప్పుడు విండోస్ తనంతట తాను ఒక రేటు పెట్టుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, రికార్డింగు ప్రోగ్రాములో, ఇంటర్‌ఫేస్‌కు సొంత ప్యానెల్ ఉంటే అందులో, అన్నిచోట్లా ఒకే అంకె ఉంచండి.

చిటపట శబ్దాలు వస్తున్నాయి. గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది.

ఈ రెండూ తక్కెడ పళ్ళేల వంటివి. ధ్వని అంకెలను కంప్యూటర్ కాసేపు పోగుచేసుకునే చోటును బఫర్ అంటారు. బఫర్ తగ్గిస్తే ఆలస్యం తగ్గి చిటపటలు పెరుగుతాయి, పెంచితే అటుది ఇటవుతుంది. 48,000 రేటులో 256 శాంపిల్స్ బఫర్ అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 మిల్లీసెకన్లకు పైనే. ఇది ఒక వైపు లెక్క, గొంతు లోపలికి పోయి తిరిగి చెవికి చేరేసరికి రెట్టింపు దాటుతుంది. చెక్కలు వాయించేవారికి అంత ఆలస్యం అస్సలు పడదు, తాళం చెదిరిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే అది వేయండి. మైకు ధ్వని కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్లకు వస్తుంది. అప్పుడు బఫర్ ఎంత పెద్దదైనా పాడేవారికి తెలియదు.

పాత యూఎస్‌బీ పరికరాలు కొత్త యూఎస్‌బీ 3 పోర్టుల్లో తడబడుతుంటే మధ్యలో మామూలు యూఎస్‌బీ 2 హబ్ పెట్టి చూడండి. యూఎస్‌బీ 1.1 కాలం నాటి పరికరాలకు ఇది బాగా పనిచేస్తుంది. రికార్డింగు వేళ వైఫై ఆపండి, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు పెట్టి ఉంచండి, యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే పవర్ సెట్టింగును తీసేయండి.

డ్రైవర్ సరిగానే ఉంది. అయినా "గుం" మనే శబ్దం వస్తోంది, మధ్యలో ఆగిపోతోంది.

ఇక్కడ లోపం కరెంటుది కావచ్చు. గుం మనే శబ్దం మన కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్‌జ్‌ది, లేదా దాని రెట్టింపుది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోతే అది ఎర్తింగు సమస్య. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ సరిచేయించండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎవరు చెప్పినా చేయకండి.

అడాప్టర్ పోయినప్పుడు మూతి సరిపోయిందని ఏదో ఒకటి కొనకండి. వోల్టేజి, కరెంటు మోతాదుతో పాటు ప్లస్ లోపలా బయటా అనేది చూడాలి. కొన్ని పాత ఇంటర్‌ఫేస్‌లకు డీసీ కాకుండా ఏసీ ఇచ్చే అడాప్టర్ కావాలి. పెట్టె వెనుక ముద్రించి ఉంటుంది, చదివి కొనండి.

మన ఎండలు తెలిసినవే, మేలో 40 డిగ్రీలు దాటిన గదిలో పాత పరికరం లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు త్వరగా ఎండిపోతాయి. తెరిచి చూస్తే పైభాగం ఉబ్బి కనిపిస్తాయి. వీటిని మార్చడం చేయి తిరిగిన టీవీ మెకానిక్ చేయగల పనే. ఇంటర్‌ఫేస్‌ను ల్యాప్‌టాప్ మీద, ఇన్వర్టర్ పక్కన పెట్టవద్దు.

ఫోనుకు తగిలించి వాడవచ్చా?

ఉమ్మడి ప్రమాణపు పరికరమైతే వాడవచ్చు. ఆండ్రాయిడ్‌కు ఓటీజీ అడాప్టర్, ఐప్యాడ్‌కు దాని కెమెరా అడాప్టర్ లేదా యూఎస్‌బీ-సీ పోర్టు. ఫోను ఇచ్చే కరెంటు చాలకపోతే విడిగా కరెంటు తీసుకునే హబ్ మధ్యలో పెట్టాలి.

ఏదీ కుదరలేదు. పాత కంప్యూటర్‌నే ఉంచుకోవచ్చా?

తప్పకుండా, నేను అలాగే చేస్తున్నాను. ఇంటర్నెట్ తీసేసిన పాత విండోస్ 7 కంప్యూటర్ ఒకటి నా గదిలో కేసెట్ల పనికే ఉంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఆ యంత్రాలకు కూడా ఇదే జాగ్రత్త మంచిది. డ్రైవర్ ఇన్‌స్టాలర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచుకోండి, తయారీదారు వెబ్‌సైటు నుంచి ఎప్పుడు మాయమవుతుందో చెప్పలేం. హార్డ్ డిస్కు మొత్తానికి నకలు తీసి ఉంచండి. రికార్డింగులను ఏ రోజువి ఆ రోజే వేరే కంప్యూటర్‌కు మార్చండి, పాత డిస్కు హెచ్చరించకుండా పోతుంది.

కొత్త ఇంటర్‌ఫేస్‌లో నాణ్యత ఇంకా బాగుంటుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

కొత్తవాటిలో మైకు సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌లు నిశ్శబ్దంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ లెక్క చూడండి. 16 బిట్ల ధ్వనికే సిద్ధాంతపరంగా 96 డెసిబెల్స్ పరిధి ఉంది. మన గదుల్లో సీలింగ్ ఫ్యాను, వీధిలో ఆటోలు, పక్కింటి మోటారు కలిసి చేసే రొద పాత ఇంటర్‌ఫేస్ చేసే సన్నని శబ్దం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చేతిలో డబ్బుంటే ముందు గదికి మందపాటి పరదాలు, మంచి మైకు కొనండి.

పరికరం నిజంగా కాలిపోయినా, నెలకోసారి డ్రైవర్ చిక్కులతో పని ఆగిపోతున్నా కొత్తది కొనడమే న్యాయం. కొనేటప్పుడు "డ్రైవర్ లేకుండా పనిచేస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. అవునంటే మీ ఫోనుకు తగిలించి దుకాణంలోనే పరీక్షించండి. పాతదాన్ని అమ్మేముందు వీఐడీ, పీఐడీ, చివరి డ్రైవర్ ఫైలు, అడాప్టర్ వోల్టేజి ఒక కాగితం మీద, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి దానితో పాటు ఇవ్వండి. కొనుక్కున్నవారికి మీరు పడ్డ వెతుకులాట తప్పుతుంది.